పక్కపక్కన రెండు బుడగలు

డాబా మీద తీగకు ఆరేసిన రబ్బరు షీటును దేవకృప తీసి మడత పెడుతుంటే, మెట్ల దగ్గర నిలబడి పళ్లు తోముకుంటున్న హెన్రీ నోట్లో నురగతోనే అన్నాడు, "దాన్ని పారెయ్యకు. ఆలిస్ అత్తకు పనికొస్తది."

మామూలుగానే అన్నాడు. ఇంట్లో ఉన్న వస్తువు వృథా కాకూడదన్న జాగ్రత్త తప్ప ఆ మాటలో ఇంకేమీ లేదు. అందుకే దేవకృప కూడా మామూలుగానే "సరే" అంది. అతను కిందికి వెళ్లిపోయాక మాత్రం మడత సగంలో ఆగిపోయింది. ఆ షీటు మీద ఆమె అత్తగారు కాంతమణి ఆరేళ్లు పడుకుంది. పక్షవాతం మొదట కుడి చెయ్యి తీసుకుంది, తర్వాత కాళ్లు, చివరి రెండేళ్లలో జ్ఞాపకం. నెల కిందట ఒక తెల్లవారుజామున ఊపిరిని కూడా పట్టుకుపోయింది. లాలాగూడలోని ఆ చిన్న ఇంట్లో ముందు గది ఇప్పుడు ఖాళీ. డెట్టాల్, పౌడరు కలిసిన వాసన ఇంకా పోలేదు. ఆ గది ముందు నుంచి వెళ్లేటప్పుడల్లా దేవకృప అడుగు నెమ్మదిస్తుంది, లోపల ఎవరో ఇప్పుడే నిద్రపోయినట్టు. మనిషి పోయిన దుఃఖం ఇలా అడుగుల్లో దాక్కుంటుందని ఆమెకు తెలియదు. ఎవరి ముందూ ఏడవలేదు. ఏడ్చే తీరిక దొరికేలోపే ఆ గదికి మరో మనిషిని మాట్లాడేశారు.

ఆలిస్ హెన్రీకి మేనత్త. పెళ్లి చేసుకోలేదు. నర్సుగా పనిచేసి రిటైరై మౌలాలిలో ఒక్కతే ఉండేది. జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. సోమవారం ఆసుపత్రి నుంచి పంపిస్తారు. "గది ఖాళీగానే ఉంది కదా," అన్నాడు హెన్రీ బాబాయి యేసుదాసు. "కృపమ్మ చెయ్యి మంచిది. పైగా పిల్లాపీచూ లేరాయె, పాపం తోచొద్దూ?" అందరూ తలలూపారు. పిల్లలు లేకపోవడాన్ని ఖాళీ సమయంగా లెక్కవేసే ఆ పద్ధతి దేవకృపకు కొత్త కాదు.

ఈసారి ఖాళీ మాత్రం లేదు. ఆమె పాఠాలు చెప్పే స్కూలు హెడ్మిస్ట్రెస్ గ్లోరియా మేడమ్ ఫోన్ చేసి, "జూన్ నుంచి తొమ్మిదీ పదీ ఫిజిక్స్ తీసుకుంటావా కృపా? సోమవారంలోగా చెప్పు. లేకపోతే బయటివాళ్లను చూసుకోవాలి," అంది. అత్తగారు మంచం పట్టాక, మధ్యాహ్నం ఒంటిగంటకే ఇంటికి రావడానికి దేవకృపే అడిగి పై క్లాసులు వదులుకుంది. అప్పటి నుంచి మూడో తరగతి పిల్లలకు ఆకులో భాగాలు చెబుతోంది. ఆకు మీద ఆమెకు కోపం లేదు. కానీ పోయిన ఏడాది ఒక పిల్ల, "టీచర్, మీకు ఫిజిక్స్ వచ్చంట కదా?" అని అడిగితే, ఎవరో తన పాత ఫొటో చూపించినట్టు ఉలిక్కిపడింది.

హెన్రీతో చెబితే, "ఇప్పుడెందుకు? ఐదింటి దాంక ఇంట్ల ఎవరుంటరు? అత్త వస్తుంది గదా. వద్దని చెప్పు," అని టీవీ సౌండు పెంచాడు.

ఇంత జరుగుతున్నా దేవకృప కోపం హెన్రీ మీదికి పోలేదు. అలవాటు కొద్దీ ప్రిసిల్లా మీదికి పోయింది.

ప్రిసిల్లా హెన్రీ చెల్లెలు. అంతకంటే ముందు ఎమ్మెస్సీలో దేవకృపకు ప్రాక్టికల్స్ జోడీ. ఒకే బల్ల, ఒకే దర్పణం, ఇద్దరి తలలూ ఒకే చిన్న వెలుతురు చుక్క మీద. రీసెర్చి సీటు ఇద్దరికీ వచ్చింది. ఆ వేసవిలో ప్రిసిల్లా ఈ స్నేహితురాలిని ఇంటికి భోజనానికి తీసుకొచ్చింది. తిన్న కంచం తనే కడిగిన పిల్లను కాంతమణి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఆ చూపుతోనే పెళ్లి కుదిరిపోయింది. "రీసెర్చిదేముంది, పెళ్లయినంక సుత చెయ్యొచ్చు," అన్నాడు హెన్రీ. ఆ మాట అబద్ధమని అప్పుడు అతనికీ తెలిసి ఉండదు. ప్రిసిల్లా వెళ్లింది, దేవకృప ఉండిపోయింది. నీళ్లలోకి లేజర్ వెలుగును గుప్పించి, అక్కడ పుట్టే షాక్ వేవులనూ బుడగలనూ కొలిచే శాస్త్రంలో ప్రిసిల్లాకు ఇప్పుడు సొంత ప్రయోగశాల ఉంది. నగరం ఆ చివర యూనివర్సిటీ క్వార్టర్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, తల్లి దగ్గర గంట కూర్చుని, వెళ్లేటప్పుడు "థాంక్స్ వదినా, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లమో," అనేది. ఆ "వదినా" అన్న పిలుపు కింద ఒకప్పటి "ఒసే కృపా" ఎక్కడో నలిగిపోయింది.

ఆ ఆరేళ్లూ దేవకృప ఆమె చెప్పులను చూసి అసూయపడింది, వాటికి యూనివర్సిటీ ఎర్రమట్టి అంటుకుని ఉండేది కనుక. ఆమె అలసటను చూసి అసూయపడింది. "ఈ వారం నిద్రే లేదు వదినా, రీడింగ్స్ రావట్లేదు," అని ప్రిసిల్లా సోఫాలో వాలిపోతే ఇంట్లో అందరూ జాలిపడేవారు. దేవకృప నిద్రలేమికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. కాంతమణి పోయాక జరిగిన ఆదరణ కూడికలో పాస్టరుగారు, "ఈ తల్లి మోకాళ్ల ప్రార్థనే ఈ బిడ్డను ఇంత గొప్ప శాస్త్రవేత్తను చేసింది," అన్నప్పుడు హాలంతా ప్రిసిల్లా వైపు తిరిగింది. దేవకృప అప్పుడు వెనక టీ కప్పులు సర్దుతోంది. ఒకాయన కప్పు అందుకుని, "ఇంకాస్త చక్కెర పడాల్సిందమ్మా," అన్నాడు.

ఇవన్నీ ఓర్చుకోగలిగింది. ఓర్చుకోలేనిది మరొకటి ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. జ్ఞాపకం చెదిరాక కాంతమణి కోడల్ని కూతురనుకుంది. స్నానం చేయించి తల తుడుస్తుంటే ఎడమ చేత్తో ఆమె చెంప నిమిరి, "ప్రిసిల్లా, ఎంత చిక్కిపోయావే తల్లీ. ఎక్కువ చదవకే," అనేది. మొదట్లో, "అత్తయ్యా, నేను కృపని," అని దిద్దేది. వెంటనే ఆ ముఖం ఆరిపోయేది. దిద్దడం మానేసింది. "ఆఁ, అమ్మా," అనడం నేర్చుకుంది. తన తల్లి చిన్నప్పుడే పోయింది కనుక ఆ నిమిరే చెయ్యి ఆమెకు కావాలనిపించేది. ఆ చెయ్యి తన కోసం కాదని ప్రతిసారీ తెలిసేది. ఒక్కోసారి కాంతమణి గొంతు తగ్గించి, "మీ వదిన మంచిదే గానీ, కూరలో ఉప్పు ఒక గుప్పెడు ఎక్కువేస్తది. చెప్తే ఏడుస్తదని చెప్పను," అనేది. దేవకృప నవ్వేది. తన మీద చాడీ తనకే చెప్పించుకుంటూ, మరొకరి పేరు మీద వచ్చే ముద్దును తీసుకుంటూ రెండేళ్లు గడిపింది. కాంతమణి చివరి మాట కూడా ఆ పేరే.

శుక్రవారం ప్రిసిల్లా ఫోన్ చేసింది. "వదినా, రేపు మా ల్యాబ్‌కి రా. ఇంట్లో ఒక్కదానివే ఏం చేస్తావ్? వచ్చేటప్పుడు అమ్మ చేసే గోంగూర జెర పట్రా."

అమ్మ చేసే గోంగూరను కొన్నేళ్లుగా దేవకృపే చేస్తోంది. ఆ సంగతి అనలేదు. చేసి, సీసాలో పెట్టుకుని, శనివారం పొద్దున లోకల్ రైలెక్కింది.

ల్యాబ్ తలుపు మీద ఒక ఎర్ర దీపం ఉంది. "ఇది వెలుగుతుంటే లోపల లేజర్ ఆన్ అయినట్టు. మా డైరెక్టర్ వచ్చినా బయట నిలబడాల్సిందే, లేకపోతే కళ్లు పోతాయ్," అని నవ్వుతూ చెప్పి ప్రిసిల్లా స్విచ్ వేసి తలుపు మూసింది. నగల దుకాణంలో కూడా ఎప్పుడూ దేన్నీ చూడని చూపుతో దేవకృప ఆ దీపాన్ని చూసింది. ఆరేళ్లలో స్నానాల గదిలో గడియ పెట్టుకున్న రోజు లేదు. "కృపా, అమ్మ పిలుస్తుంది," అని హెన్రీ పేపరు చదువుతూనే కేకేసేవాడు. మంచం అతనికి నాలుగు అడుగుల దూరంలో ఉండేది.

గదిలో చీకటి. బల్ల మీద అద్దాలు, కటకాలు, చివర ఒక గాజు తొట్టె. అందులో నీళ్లు ఉన్నాయో లేవో అన్నంత నిర్మలంగా ఉన్నాయి. ప్రిసిల్లా ఆమెకు రంగు కళ్లద్దాలిచ్చింది, తను తగిలించుకుంది. బటన్ నొక్కింది. నీళ్ల నడుమ సూదిమొనంత తెల్లటి మెరుపు, "టప్" మని పొడి చప్పుడు. అంతే. కంప్యూటర్ తెర మీద బొమ్మ వచ్చింది. ఒకటి కావలసిన చోట రెండు మెరుపులు, వంకర బుడగలు.

"ఏందిది, పొద్దుట్నుంచి ఇదే పరేషాన్," అని ప్రిసిల్లా విసుక్కుంది. "నీళ్లలో ఎక్కడో దుమ్ము ఉంది. వెలుగు ముందు దాన్ని పట్టుకుంటోంది." మళ్లీ నొక్కింది. మళ్లీ వంకరే. మూడోసారీ అంతే. చీకట్లో దేవకృపకు కడుపులో చల్లగా అనిపించింది. రాకూడదు, ఈ రోజంతా రాకూడదు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది, అయినా అనుకోవడం మానలేదు.

నీళ్లు మార్చారు. ఈసారి వచ్చింది.

చీకటి తెర మీద సన్నని వలయం ఒకటి మెరుపు నుంచి బయటికి పరుగెత్తింది. షాక్ వేవ్. దాని వెనకాల గుండ్రంగా, ఏ చెయ్యీ ముట్టనంత గుండ్రంగా బుడగ పెరిగింది. పెరిగి ఆగింది. ఆగిన చోట నుంచి నలుపక్కల నీళ్లు దాన్ని నొక్కుకుంటూ వచ్చాయి. కుంచించుకుపోయి చుక్కయింది. చుక్కయిన ఆ క్షణాన దానిలోంచి మరో వలయం బయల్దేరింది. రెప్పపాటులో వందో వంతు కూడా పట్టని దాన్ని ప్రిసిల్లా బొమ్మ తర్వాత బొమ్మగా పరిచి చూపిస్తోంది. పుస్తకంలో చదివినప్పుడు ఇది ఇంత అందంగా ఉంటుందని దేవకృపకు తెలియదు. అసూయ ఇన్నేళ్లూ ఆమెలో ముల్లులా ఉండేది. ఇప్పుడు ఆకలిలా లేచింది. ఇది నాది కూడా. ఈ బల్లకు ఇంకో పక్క నేను నిలబడాల్సింది.

"ఇప్పుడు దగ్గర్లో ఇనప పలక పెడతా చూడు," అంది ప్రిసిల్లా. ఈసారి బుడగ గుండ్రంగా పుట్టింది గానీ గుండ్రంగా చావలేదు. పలక వైపు వంగి, లోపలికి చిరిగి, సన్నటి నీటి ధారగా మారి పలకను పొడిచింది. "కావిటేషన్. ఓడల్ని నడిపే రెక్కలు ఇట్లాగే గుంటలు పడతాయ్. పలక ఏమీ చెయ్యదు, ఊరికే ఉంటుంది. బుడగే దాని వైపు తిరిగి కూలుతుంది."

"పలక లేకుండా, రెండు బుడగలు పక్కపక్కన పుడితే?" అని దేవకృప అడిగింది. అడిగాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ప్రిసిల్లా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఆమెను చూసింది. "ఒకే క్షణంలో, ఒకే సైజులో పుడితే ఒకదాని మీద ఒకటి కూలతాయ్. మధ్యలో గోడ ఉన్నట్టే. గోడ లేకపోయినా." తెర వైపు తిరగబోయి మళ్లీ ఆమెనే చూసింది. "నా స్టూడెంట్లకు ఈ డౌటు రావడానికి ఆర్నెల్లు పడుతుంది, కృపా."

చాలా ఏళ్లకు ఆ నోట ఆ పేరు. ప్రిసిల్లా లేజర్ ఆపి లైటు వేసింది. గోంగూర సీసా మూత తీసి, వేలితో కొంచెం నాకి, ఉన్నట్టుండి ముఖం తిప్పుకుంది.

"నాకు నువ్వంటే కుళ్లు. తెల్సా?"

"నేనంటేనా?"

"ప్రతి సండే వచ్చేదాన్ని. అమ్మ నన్ను చూసి 'మీరెవరమ్మా, చర్చి నుంచా?' అనేది. కుర్చీ చూపించి కూర్చోమనేది. నీ చెయ్యి పట్టుకుని మాత్రం 'ప్రిసిల్లా' అనేది. నా ముందే. నా పేరు, నా అమ్మ, రెండూ నువ్వే తీసుకున్నావ్. ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. ఎవరితో చెప్పను? నువ్వేమో అంత సేవ చేస్తుంటివి, నిన్నేమంటాను?"

దేవకృప బల్ల అంచు పట్టుకుంది. తనను చూసి ఒకరు అసూయపడగలరన్న ఊహ ఆమెకు ఎప్పుడూ రాలేదు. అదీ ఈ మనిషి. అదీ ఆ రబ్బరు షీటు పక్కన నిలబడ్డ తనను చూసి. నవ్వు వచ్చింది, దాని వెంటే నెల నుంచి రానిదీ వచ్చింది. ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చుని, ఒకరినొకరు ముట్టుకోకుండా ఏడ్చారు. "నేను దిద్దాను ప్రిసిల్లా, మొదట్లో. నేను కాదు అని చెప్పాను. చెబితే ఆవిడ ముఖం ఆరిపోయేది. నన్ను నిమురుతూ నన్నే తిట్టేది, ఉప్పెక్కువ వేస్తానని."

ప్రిసిల్లా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "వేస్తావ్ గదా." తర్వాత, ఆ మెత్తదనంలోనే, ఎంతో ప్రేమగా అంది, "అందుకే ఆలిస్ అత్త నీ దగ్గరికి వస్తుందంటే నాకు నిమ్మళంగా ఉంది. నీ చేతిలో ఏదో ఉంది, వదినా. అది మాకెవ్వరికీ లేదు."

మళ్లీ వదిన అయిపోయింది. దేవకృప కన్నీళ్లు ఆగిపోయాయి. ప్రిసిల్లా కుళ్లులో తన చేతులున్నాయి, ఆ చేతులు పోగొట్టుకున్న పగళ్లు లేవు. తన అసూయలోనూ అంతే, ఈ గది ఉంది గానీ ఇక్కడి నుంచి ఇంటికెళ్లి ఒక్కతే ఏడ్చిన మనిషి లేదు. ఇద్దరూ ఇన్నేళ్లు ఒకరి వైపు ఒకరు తిరిగి కూలుతూ వచ్చారు. ఆ ఆరేళ్లలో సోఫాలో పేపరు చదువుకున్న మనిషి మీద ఇద్దరికీ ఒక్కసారి కూడా కోపం రాలేదు. అతను ఏమీ చెయ్యలేదు కదా.

రైల్లో తిరిగి వస్తూ దేవకృప కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. ఇంటికి చేరాక హెన్రీకి చపాతీలు చేసి పెట్టింది. మాటలు పొదుపుగా వాడే మనిషి, వాటిని మరునాటికి దాచుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక రెజిమెంటల్ బజార్ నుంచి యేసుదాసు భోజనానికి వచ్చాడు. ప్రిసిల్లా కూడా వచ్చింది. దేవకృప వడ్డించి, తన కంచం కూడా తెచ్చుకుని వాళ్లతో పాటే కూర్చుంది.

"రేపు పదింటికి డిశ్చార్జ్ అంట్రా హెన్రీ. అంబులెన్స్ మాట్లాడేశాను," అన్నాడు యేసుదాసు పులుసు కలుపుకుంటూ. "కృపమ్మా, మంచం కాస్త కిటికీ వైపు తిప్పి వెయ్యమ్మా. ఆలిస్‌కి ఉక్కపోత అస్సలు పడదు. రాత్రి రెండుసార్లు లేవాలంట, నీకు అలవాటేగా."

"చిన్నమామయ్యగారూ, జూన్ నుంచి నాకు పై క్లాసులు. ఐదు దాకా స్కూల్లో ఉంటాను. రాత్రి పాఠాలు చూసుకోవాలి. పొద్దున చర్చిలోనే గ్లోరియా మేడమ్‌కు తీసుకుంటానని చెప్పాను."

హెన్రీ ముద్ద ఆపాడు. "ఏందీ, చెప్పేసినవా? నన్ను అడగకుండనే?"

"అడిగాను. వద్దన్నారు. విన్నాకే చెప్పాను."

"మరి అత్తను ఎవరు చూస్తరు? నేను మగోణ్ణి, స్నానం గీనం నేనెట్ల చేపిస్త?"

"స్నానం అరగంట. దానికి ఆయమ్మ వస్తుంది. అన్నం పెట్టడం, మందులివ్వడం, పిలిస్తే పలకడం, రాత్రి లేవడం, ఇవి ఎవరైనా చెయ్యొచ్చు."

"ఏం చదువులో ఏంటో," అని యేసుదాసు గొణిగాడు. తర్వాత అతని కళ్లు నెమ్మదిగా బల్ల చుట్టూ తిరిగి ప్రిసిల్లా దగ్గర ఆగాయి. వెంటనే హెన్రీ కళ్లూ అక్కడికే వచ్చాయి. "అయితే మన ప్రిసిల్లా క్వార్టరు పెద్దదే కదా," అన్నాడు యేసుదాసు, దారి దొరికిన ఉత్సాహంతో. "మొగుడా, పిల్లలా? మేనత్తంటే తల్లి లాంటిది. ఆ బుడగలు ఎక్కడికి పోతాయి, ఏడాది తర్వాత చూసుకోవచ్చు."

ప్రిసిల్లా ముఖంలో రక్తం లేదు. "బాబాయ్, నేనెట్ల..." అని మొదలుపెట్టి, తల్లికి చెయ్యలేదన్న సిగ్గు అడ్డం పడి ఆగిపోయింది. ఆమె కళ్లు కంచంలోకి దిగాయి. కాదనలేదు. ఇంకొక్క నిమిషం వదిలేస్తే సరేనంటుంది.

ఆ ముఖాన్ని చూడాలని దేవకృప ఎన్నేళ్లు కోరుకుందో. ఒక్కసారి, ఒక్క ఏడాది ఆ ఎర్ర దీపం ఆరిపోయి, ఆ చేతులకు డెట్టాల్ వాసన పడితే బావుండునని ఎన్ని మధ్యాహ్నాలు అనుకుందో. ఇప్పుడు అది దొరికింది. తను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడం. ఊరుకోవడం ఆమెకు బాగా వచ్చు.

పాత అసూయ గొంతు దాకా వచ్చి ఆగింది. దాని తీపి నాలుకకు తెలిసింది. దేవకృప మంచినీళ్లు తాగింది.

"ప్రిసిల్లా వైపు చూడకండి, చిన్నమామయ్యగారూ," అంది. "ఆలిస్ పిన్నిగారు ఈ ఇంటికే వస్తారు. హెన్రీ చూసుకుంటారు."

పెళ్లయిన నాటి నుంచి ఆమె 'ఆయన', 'మీ అన్నయ్య', 'మీ అబ్బాయి' అంది తప్ప ఆ పేరు పలకలేదు. ఆ ఇంట్లో, ఆ గొంతులో తన పేరు ఎన్నడూ వినని హెన్రీ, ఆమె ఎవరి గురించి చెబుతోందా అని వెనక్కి తిరిగి చూశాడు.